ఏడో నంబరు రాయి

రాజమల్లుకు రెండేళ్ళుగా కళ్ళు సరిగా కనిపించడం లేదు. మనిషి ఎదురొస్తున్నాడని తెలుస్తుంది, ఎవరో తెలియదు. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది, బయట ఎండో మబ్బో తెలియదు. లోకాన్నంతా పలుచటి మజ్జిగలో ముంచి తీసినట్టు ఉంటుంది. ఇంత జరుగుతున్నా, హనుమకొండలో ఆయన పనిచేసే కాలేజీలో ఈ సంగతి ఒక్క మనిషికి కూడా తెలియదంటే మీరు నమ్మరు. నమ్మకపోతే మానె, జరిగింది మాత్రం ఇదే.

ఆయన జియాలజీ ల్యాబులో అటెండరు. ఆ ల్యాబులో నాలుగు పొడుగాటి బల్లలు, గోడల వెంట అద్దాల బీరువాలు, బీరువాల నిండా రాళ్ళు. ఇనుము తీసే రాయి, రాగి తీసే రాయి, సీసం తీసే రాయి, అల్యూమినియం తీసే రాయి. పొద్దున వచ్చి తలుపు తీయడం, రాళ్ళ మీద దుమ్ము తుడవడం, పిల్లలకు కావలసినవి బల్ల మీద పెట్టడం, సాయంత్రం మళ్ళీ ఎక్కడివక్కడ సర్దడం. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. పెళ్ళాం ముఖం కన్నా ఆ రాళ్ళ ముఖాలే ఎక్కువ చూశాడని చిలుకమ్మ దెప్పేది. దెప్పుడు మాటే అయినా అందులో అబద్ధం లేదు.

ఇంగ్లీషు పేర్లకు ఆయన నోరు తిరుగుతుంది. అయినా తన పేర్లు తాను పెట్టుకున్నాడు. సీసం తీసే గలీనా ఆయనకు సుర్మారాయి, కళ్ళకు పెట్టుకునే సుర్మా దాని పొడే. అరచేతిలో పెడితే చెయ్యి కిందికి దిగిపోతుంది, అంత బరువు. విరిగితే చిన్న చిన్న పెట్టెల్లా విరుగుతుంది, వాటి గోడలు నున్నగా వేలికి తగులుతాయి. హెమటైటు జాజురాయి. పైకి నల్లగా కనిపించి మోసం చేస్తుంది గాని, గీస్తే గడపకు పూసే జాజులా ఎర్రటి గీత వస్తుంది. మాగ్నటైటు సూదిరాయి, చిలుకమ్మ కుట్టుసూదిని దారంతో వేలాడదీసి దగ్గరికి తెస్తే సూది ఎగిరొచ్చి అతుక్కుంటుంది. పైరొలూసైటు మసిరాయి, ముట్టుకున్నవాళ్ళ వేళ్ళు కుండ అడుగు తోమినట్టు అవుతాయి. బాక్సైటు శనగరాయి, ఒంటినిండా శనగగింజలు పొదిగినట్టు ఉంటుంది, బరువు తక్కువ, నోటితో ఆవిరి ఊది వాసన చూస్తే తొలివాన పడ్డ మట్టి గుర్తొస్తుంది.

ఇక కళ్ళతో పనేముంది? బీరువాలో పాతరాళ్ళకు ఎక్కడ పెచ్చు లేచిందో, ఎక్కడ మూల అరిగిందో ఆయన వేళ్ళకు తెలుసు. ఒక్క గీత రంగే ఆయనకు అందకుండా పోయింది. మెరుగు లేని తెల్ల పింగాణీ మీద రాయితో గీస్తే వచ్చే గీత రంగే ఆ రాయి అసలు రంగు. పై రంగు గాలికీ తడికీ మారుతుంది, గీత మారదు. కాలేజీ కొనిచ్చిన పింగాణీ పలకలు ఎప్పుడో పగిలిపోతే, రాజమల్లు చౌరస్తాలో వెంకట్రాజం చాయ్ హోటలుకు పోయి పగిలిన సాసర్లు ఏరుకొచ్చేవాడు. సాసరు అడుగున మెరుగు పూయని గరుకు అంచు ఒకటి ఉంటుంది, గీయడానికి అది చాలు. ఇప్పుడు ఆ గీత కనబడదు. అందుకని పిల్లలెవరైనా "ఇదేం రాయి మామా" అని వస్తే సాసరు ముక్క వాళ్ళ చేతికే ఇచ్చేవాడు.

"నువ్వే గీయి. ఏం రంగొచ్చింది? నోరు తెరిచి చెప్పు. అన్ని నేనే చెప్తె నీకేమొస్తది?"

పిల్లలు గీసి, చూసి, చెప్పి, నేర్చుకునేవారు. ఆ రెండేళ్ళలో ప్రాక్టికల్స్ మార్కులు పెరిగాయి. రాజమల్లు ఈ వయసులో మంచి మాస్టరయ్యాడని డిపార్టుమెంటు మెచ్చుకుంది. పాపం, ఆయన మాస్టరయ్యింది కళ్ళు లేక.

ఎందుకు దాచాడంటే, యాకయ్యను చూసి. యాకయ్య బోటనీ అటెండరుగా ఉండేవాడు. ఆయనకూ ఇలాగే కళ్ళలో పొర వచ్చింది. నోరు ఊరుకోక ఆఫీసులో చెప్పుకున్నాడు. వాళ్ళు డాక్టరుకు ఒక కాగితం రాశారు, డాక్టరు వాళ్ళకొక కాగితం రాశాడు, మూడో కాగితం యాకయ్యను ఇంటికి పంపింది. ఇప్పుడాయన తన అరుగు మీద కూర్చుని, అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా "ఎవలు?" అని అడుగుతుంటాడు. జవాబు చెప్పేవాళ్ళు చెబుతారు, లేనివాళ్ళు వెళ్ళిపోతారు.

రాజమల్లుకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. జీతం పోతుందన్నది కాదు ఆయన భయం. ఖిలా వరంగల్లో కోటగోడ పక్కన ఎకరం పొలముంది, తిండికి లోటు లేదు. పొద్దున లేచి రాళ్ళ దగ్గరికి పోకపోతే ఆ పొద్దును ఏం చేసుకోవాలో ఆయనకు తెలియదు. భయమల్లా అదే.

చిలుకమ్మ దగ్గర మాత్రం ఏదీ దాగలేదు.

"బియ్యంల రాళ్ళు ఏరలేనోనివి, కాలేజిల రాళ్ళేం ఏరుతానవయ్యా? దవాఖానకు పోదాం రా. మోతిబిందు పొర తీస్తాండ్లట."

"కంట్ల కత్తి పెడ్తరే. ఉన్న జర్రంత వెలుతురు గూడ పాయెనంటే?"

"పోతె నేను లేనా?"

"నువ్వుంటవు. రాళ్ళే ఉండవు గద."

ఈ మాటకు ఏ ఇల్లాలు ఊరుకుంటుంది? చిలుకమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనంతట తానే వచ్చి, ఎవరికీ చెప్పనని ఒట్టువేసి, ఆనాటి నుంచి రోజూ సిటీబస్సు దాకా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి ఎక్కించి రావడం మొదలుపెట్టింది. సైకిలెందుకు మానేశావంటే మోకాళ్ళ నొప్పులని రాజమల్లు కాలేజీలో చెప్పుకున్నాడు. కుంటడం మాత్రం అప్పుడప్పుడు మరిచిపోయేవాడు.

ఇక అరుణ సంగతి చెప్పాలి. ఎనిమిదేళ్ళ కింద, డెబ్బై ఒకటిలో, ఆ అమ్మాయి అదే ల్యాబులో బీఎస్సీ చదివింది. హనుమకొండ బట్టల దుకాణం పాండురంగం బిడ్డ. క్లాసులో ఒక్కతే ఆడపిల్ల, రెండు జడలు, ఎవరైనా కాస్త గట్టిగా మాట్లాడితే చాలు కళ్ళనిండా నీళ్ళు. ఒకనాడు పసుపుపచ్చగా మెరిసే రాయినొకదాన్ని చాల్కోపైరైటు అనుకుంది. చాల్కోపైరైటు రాగిరాయి, మెత్తనిది, బ్లేడుతో గీస్తే గీత పడుతుంది. చేతిలో ఉన్నదేమో పైరైటు. అదీ అట్లాగే మెరుస్తుంది గాని బ్లేడుకు లొంగే రకం కాదు. గీత పడకపోయేసరికి ఆ పిల్ల ఇంకా గట్టిగా నొక్కింది. బ్లేడు జారి చూపుడువేలు మీద అడ్డంగా కోసేసింది. రాజమల్లు తన తువ్వాల అంచు పర్రున చింపి కట్టు కట్టాడు.

"నాకీ రాళ్ళు రావు కాకా. నేను సదువు మానేస్త," అని ఏడ్చింది అరుణ.

"ఎందుకు రావు? కండ్లు మూసుకో."

మూసుకుంది. రెండు అరచేతుల్లో రెండు రాళ్ళు పెట్టాడు.

"రంగును నమ్మొద్దు బిడ్డా. రంగు అంగట్ల అమ్మెటోని మాట అసొంటిది. బరువు సూడు. గోటితోని గీకు. వాసన సూడు. రాయి ఎన్నడు అబద్ధమాడది, మన కండ్లే తొందరపడ్తయి."

నెల రోజులు అలాగే, క్లాసులైపోయాక, కళ్ళు మూయించి నేర్పాడు. ఒక్క జంట దగ్గర మాత్రం కళ్ళు తెరవమన్నాడు. మాలకైటు, అజురైటు. రెండూ రాగిరాళ్ళే. ఒకే గనిలో పక్కపక్కనే పుడతాయి. బరువు దాదాపు ఒకటే, మెత్తదనం ఒకటే, యాసిడ్ చుక్క వేస్తే రెండూ ఒకేలా బుసబుసా పొంగుతాయి. తేడా అల్లా మొదటిది ఆకుపచ్చ, రెండోది నీలం.

"గీ రెండిటికి మాత్రం రంగే దిక్కు," అన్నాడు రాజమల్లు. "అన్నిట్ల మోసం జేసే రంగు, గీడ ఒక్కదగ్గర నిజం చెప్తది."

ఆ పిల్ల బీఎస్సీ ఫస్టుక్లాసులో పాసైంది, ఎమ్మెస్సీ చేసింది, ఏడాదిన్నర కింద అదే కాలేజీకి లెక్చరరుగా వచ్చింది. వచ్చిన రోజు వెనకనుంచి "కాకా" అన్న పిలుపు వినగానే రాజమల్లు కరిగి నీరైపోయాడు. పదిమందిలో మేడం అనేవాడు, ఎవరూ లేనప్పుడు బిడ్డా అనేవాడు. అప్పటికే మజ్జిగ పొర బాగా చిక్కబడింది. ఆమె ఎట్లా మారిందో ఆయన చూసింది లేదు. ఆయన మనసులో ఆ గొంతుకు ఇంకా రెండు జడలే.

అది డెబ్బై తొమ్మిది ఏప్రిల్. చివరి ఏడాది పిల్లలకు ప్రాక్టికల్ పరీక్ష రేపనగా మధ్యాహ్నం ల్యాబులో ఒక చెక్కపెట్టె దిగింది. డిపార్టుమెంటు హెడ్డు రాజేశ్వర్ రావు సారు సంబరపడిపోయాడు. ఆయన మనిషి మంచివాడే గాని గొంతు పెద్దది, కోపం దానికన్నా పెద్దది.

"పాత రాళ్ళు గీసి గీసి అరిగిపోయినయ్ రాజమల్లూ. రేపు అన్నీ కొత్తవే పెట్టు," అని ఒకటి నుంచి ఇరవై దాకా ఏ నంబరుకు ఏ రాయో గడగడా చెప్పి మీటింగుకు వెళ్ళిపోయాడు. ఆయన నోటితో చెప్పడం, రాజమల్లు మనసులో పెట్టుకోవడం ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి. పరీక్షరోజు ఇరవై రాళ్ళు ఇరవై అంకెల కాగితాల మీద వరసగా ఉంటాయి. పిల్లలు ఒక్కో రాయి దగ్గర రెండు నిమిషాలు నిలబడి, పట్టి చూసి, పేరు రాసి, గంట కొట్టగానే పక్కరాయికి జరుగుతారు. గంట కొట్టేది కూడా రాజమల్లే.

పెట్టె మూత తీశాడు. గడ్డిలో చుట్టి రాళ్ళున్నాయి. పేర్ల చీటీలు గడ్డిలో కలిసిపోయాయి. కలవకపోయినా ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు. అయితేనేం, ఆయనకు పండగలా ఉంది. కొత్త చుట్టాలను పలకరించినట్టు ఒక్కొక్కదాన్ని తీసి పట్టుకున్నాడు. ఓహో సుర్మా, బాగ బలిసినవే. సూదికి ఎగబడుతున్నావా, నువ్వు పదకొండో నంబరు. నువ్వు మసి పూయకు, పక్కకు జరుగు. వరసగా ఉన్న కాగితాలను వేలితో లెక్కపెట్టుకుంటూ పోతే, గంటన్నరలో పద్దెనిమిది రాళ్ళు వాటి వాటి అంకెల మీద కూర్చున్నాయి.

రెండు మిగిలాయి. ఏడుకు మాలకైటు, పన్నెండుకు అజురైటు.

పాత మాలకైటు మీద ద్రాక్షగుత్తిలాంటి బుడిపెలుండేవి, చెయ్యి వేస్తే తెలిసిపోయేది. ఇవి రెండూ బుడిపెలు లేని గరుకు బెడ్డలు. ఎత్తి చూశాడు, అటూ ఇటూ మార్చి చూశాడు, ఒకటే బరువు. బ్లేడుతో గీశాడు, రెండింటి మీదా గీత వేలికి తగిలింది. యాసిడ్ చుక్క వేసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, రెండూ బుసబుసలాడాయి. కిటికీ దగ్గరికి పోయి ముక్కుకు తాకేంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఇదీ బూడిదే, అదీ బూడిదే. సాసరు మీద గీసి చూశాడు, గీతే కనబడలేదు.

వాచ్‌మన్ కొమురెల్లిని పిలిచి అడగవచ్చు. కానీ కొమురెల్లికి చెప్పిన మాట తాను గేటు దాటకముందే హెడ్డు గదిలో ఉంటుంది. చిలుకమ్మకు చూపిద్దామని రెంటినీ టిఫిను మూటలో పెట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క రాయి ఆ గడప దాటలేదు. మళ్ళీ తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడే చెప్పుల చప్పుడైంది.

"కాకా, అన్ని సర్దినవా? ఏమన్న సాయం జెయ్యాల్నా?" అరుణ గొంతు.

అడిగితే అయిపోయేది. ఒక్క మాట. కానీ ఆ ఒక్క మాటతో ఆమె లెక్చరరవుతుంది, తాను గుడ్డి అటెండరవుతాడు. తెలిసీ ఆమె దాచితే రేపు ఆమెకు మాట వస్తుంది. రంగును నమ్మొద్దని నేర్పిన నోటితో "జర గీ రంగేందో చెప్పు బిడ్డా" అనడానికి ఆయనకు నోరు రాలేదు.

"అయింది మేడం. మీరు పోండ్లి," అన్నాడు.

ఆమె వెళ్ళాక చేతికందిన రాయిని ఏడు మీద, రెండోదాన్ని పన్నెండు మీద పెట్టి తలుపు తాళం వేశాడు. ఆమెతో అబద్ధమాడినందుకు దారిపొడుగునా తనను తాను తిట్టుకున్నాడు.

మర్నాడు ఎనిమిది గంటలకు పరీక్ష మొదలైంది. హైదరాబాదు నుంచి సారంగపాణి గారనే ఎగ్జామినరు వచ్చాడు. మొదటి బ్యాచి పదిమంది. రాజమల్లు రెండేసి నిమిషాలు మనసులో లెక్కపెట్టి గంట కొట్టాడు, వాళ్ళు ఇరవై రాళ్ళూ తిరిగి, కాగితాలిచ్చి వరండాలోకి పోయారు. రాజేశ్వర్ రావు సారు ఎర్రపెన్ను తీసి దిద్దడం మొదలుపెట్టాడు.

"ఏడు, అజురైటు. తప్పు." రెండో కాగితం. "ఏడు, అజురైటు. తప్పు." మూడోది, నాలుగోది. పదో కాగితం దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వరండా దాకా వినిపించింది. "చూసిండ్లా సారంగపాణి గారూ! పదిమందికి పదిమంది ఒకటే తప్పు రాసిండ్లు. పన్నెండుల గూడ అంతే. ఒకన్ని చూసి ఒకడు కొట్టిండ్లు. ఈ బ్యాచి మొత్తం క్యాన్సిల్ జెయ్యాలె!"

బయట పదిమంది పిల్లలు బిక్కచచ్చిపోయారు. రాజమల్లు గంట చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. చేతికందినట్టు పెట్టిన ఆ రెండు రాళ్ళు తారుమారయ్యాయన్న సంగతి ఆ గదిలో ఆయనకొక్కడికే తెలుసు.

అరుణ లేచి ఏడో నంబరు దగ్గరికి నడిచింది. కాగితం మీద నీలంగా అజురైటు కూర్చుని ఉంది. పిల్లలు రాసింది రైటే. ఆమె తలెత్తి రాజమల్లు వైపు చూసింది. ఆయన ఆమె వైపే ముఖం పెట్టాడు గాని, చూపు ఆమె భుజం పక్కనుంచి గోడ మీదికి పోతోంది. సైకిలు మానేయడం, మరిచిపోయి కుంటకుండా నడవడం, సాసరు ముక్కలు పిల్లల చేతికే ఇవ్వడం, తాను మాట్లాడితే తప్ప తనను పలకరించకపోవడం, అన్నీ ఒక్కసారిగా ఆమెకు అర్థమయ్యాయి.

"సార్, పిల్లలు కాపీ కొట్టలేదు. ఏడుల ఉన్నది అజురైటే. పొద్దున నేను రెండు రాళ్ళు అటిటు మార్చిన, మీకు చెప్పుడు మర్చిపోయిన. సారీ సార్."

రాజేశ్వర్ రావు సారు కుర్చీలోంచి లేచాడు.

"మార్చినవా? ఎవర్నడిగి మార్చినవమ్మా? పదిమంది పిల్లల బతుకు నీకు ఆటగా ఉందా? ఇంకా ప్రొబేషన్ గూడ కాలేదు నీకు. ఇది నేను రాయాల్సొస్తది. ఎగ్జామినర్ ముంగట డిపార్టుమెంటు ఇజ్జత్ తీసినవ్!"

అరుణ తలవంచుకుంది. రాజమల్లుకు ఆమె ముఖం కనబడదు, కానీ ముక్కు ఎగపీల్చిన చిన్న శబ్దం వినబడింది. ఎనిమిదేళ్ళ కింద వేలు కోసుకున్నప్పుడు విన్న శబ్దం అదే. దాన్ని మాత్రం ఆయన భరించలేడు. రెండేళ్ళు దాచిన భయమంతా ఆ శబ్దం ముందు నిలవలేదు.

"సార్," అన్నాడు, గంట బల్ల మీద పెట్టి. "మేడం తప్పేం లేదు. రాళ్ళు పెట్టింది నేను. నాకు రెండేండ్ల సంది కండ్లు కనవడ్తలేవు. గా రెండు రాళ్ళు నా చేతికి ఒక్కతీరుగ దొరికినయి. రంగు తెల్వలే."

రాజేశ్వర్ రావు సారు వరసగా ఉన్న రాళ్ళ వైపు తిరిగాడు.

"మరి కడమ పద్దెనిమిది?"

"అవి చేతికి తెలుస్తయి సార్."

సారు తన కాగితం తీసుకుని ఒకటో నంబరు నుంచి ఇరవయ్యో నంబరు దాకా నడిచాడు. వెంట సారంగపాణి గారు కూడా నడిచాడు. పద్దెనిమిదీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"కొత్త రాళ్ళయ్యా ఇవి! నిన్ననే గద పెట్టె విప్పింది."

"కొత్తయే సార్."

రాజేశ్వర్ రావు సారు కుర్చీలో కూలబడ్డాడు. ఆ పెద్ద గొంతు ఎటుపోయిందో పోయింది.

"ఇన్నేండ్ల సంది ఒక్కదగ్గర పనిజేస్తున్నం. నాకొక్క మాట చెప్పరాదా రాజమల్లూ?"

"చెప్తె కాగితం రాస్తరు గద సార్."

"రాస్త! రాయకుంట ఎట్లుంట? రేపు చూడక యాసిడ్ సీసా ఏ పిల్లగాని మీద ఒంపుతవో!" అని గబగబా ఒక కాగితం రాసి, మడిచి ఆయన జేబులో పెట్టాడు. "ఇది లీవు కాగితం. జూన్ దాకా. పోయి కండ్లు చూపించుకో. కాలేజి తెరిచిన నాడు కండ్లతోని రావాలె. రాకపోతే ఇంకో కాగితం రాయాల్సొస్తది. అది నాతోని రాయించకు."

పిల్లల మార్కులు సరిచేశారు. రెండో బ్యాచి ఇంకా లోపలికి రాకముందే అరుణ రాజమల్లు చెయ్యి పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టింది.

"ఎందుకు చెప్పినవ్ కాకా? నేను సంభాళిస్తుంటి గద."

"నీకు రాళ్ళు నేర్పిన గాని, అబద్ధం నేర్పలే బిడ్డా."

"మరి నిన్న నాతోని ఆడినవ్ గద," అంది అరుణ. రాజమల్లు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

మే నెలలో ఆపరేషనయింది. ముందు ఒక కన్నే. తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, కదలొద్దన్నారు. కట్టు కింద చీకట్లో రాజమల్లు కదలకుండా పడుకున్నాడు. ఆపరేషను బాగా జరిగిందని డాక్టరు చెప్పినా నమ్మలేదు. కట్టు విప్పితే గాని తెలియదు కదా. చిలుకమ్మ ఆయన్ను మంచం దిగనీయకుండా కాపలా కాసింది. అరుణ రెండుసార్లు వచ్చి, బత్తాయిరసం తాగించి, పక్కన కూర్చుని కబుర్లు చెప్పి వెళ్ళింది. తరువాత పేపర్లు దిద్దడానికి హైదరాబాదు పోయింది. కట్టు విప్పాక నల్లద్దాలిచ్చి, వెలుతురు చూడొద్దని ఇంటికి పంపారు. అసలు అద్దాలు కాలేజీ తెరవడానికి ముందురోజు చేతికొచ్చాయి. సోడాబుడ్డి అడుగంత మందం. పెట్టుకుంటే గడప వంకరగా కనిపించింది, గిన్నెలు పెద్దవైపోయాయి, వాటి మధ్య చిలుకమ్మ నిలబడి ఉంది.

"ముసల్దానివైనవేందే!" అన్నాడు ఆశ్చర్యంగా.

"నువ్వు రాళ్ళు సూసుకుంట కూసున్నన్ని దినాలు నేను పడుచుదాన్నే," అంది చిలుకమ్మ, ఏడుస్తూ నవ్వుతూ.

మర్నాడు మబ్బు పట్టి ఉంది. రాజమల్లు ఒక్కడే సిటీబస్సు ఎక్కి, బోర్డుల మీద అంకెలు చదువుకుంటూ కాలేజీకి చేరాడు. ల్యాబులో రాజేశ్వర్ రావు సారు నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరో ఒకావిడ, నూలుచీర, ముడివేసిన జుట్టు, కళ్ళద్దాలు. బల్ల మీద రెండు సాసరు ముక్కలు, వాటి పక్కన రెండు రాళ్ళు.

"ఏదేందో చెప్పు," అన్నాడు సారు. పెద్ద గొంతు కాస్త తడబడింది.

రాజమల్లు వంగాడు. మొదటి రాయి ఆకుపచ్చ, చినుకులు పడ్డాక మొలిచిన గడ్డిలా. రెండోది చూసి అలాగే ఉండిపోయాడు. నీలం ఇంత నీలంగా ఉంటుందా? కళ్ళు మంచిగున్న రోజుల్లో కూడా ఇంత నీలం చూసిన గుర్తు లేదు. సాసరు ముక్క తీసుకుని గీశాడు. సన్నటి నీలిగీత పడింది. దాని పక్కనే ఇంకొకటి గీశాడు.

"ఇది అజురైటు సార్. అది మాలకైటు."

"సరే. పో, బీరువాలు తెరువు. రెండు నెలల దుమ్మున్నది," అని సారు ముఖం పక్కకు తిప్పుకుని గబగబా గదిలోకి వెళ్ళిపోయాడు.

రాజమల్లు తాళంచెవులు తీసుకున్నాడు. ఆ కొత్తావిడ ఇంకా అక్కడే నిలబడి తననే చూస్తోంది. మర్యాదగా చేతులు జోడించాడు.

"నమస్తే మేడం. కొత్తగ వచ్చిండ్లా? అరుణ మేడం ఇంక రాలేదా?"

ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంది. దగ్గరికొచ్చి తన కుడిచెయ్యి ఆయన అరచేతిలో పెట్టింది. ఇదేం చోద్యమని రాజమల్లు కంగారుపడ్డాడు గాని, చేతిలోకి ఏదైనా వస్తే ఆయన వేళ్ళు ఊరుకోవు. వాటంతటవే కదిలాయి. అలవాటుగా కళ్ళు మూతపడ్డాయి. చూపుడువేలు మీద అడ్డంగా సన్నటి గట్టి గీత తగిలింది. పైరైటు మీద బ్లేడు జారిన గీత, తన తువ్వాల అంచు కట్టిన గీత.

"అరుణమ్మా!" అన్నాడు.

"రంగును నమ్మొద్దని నువ్వే అన్నవ్ గద కాకా," అంది అరుణ.

రాజమల్లు కళ్ళు తెరిచి ఆమెను కింది నుంచి పైదాకా చూశాడు. పెద్దదైపోయింది. తాను చూడకుండానే ఇంత పెద్దదైపోయింది.

"రెండు జడలేమైనయి బిడ్డా?" అని అడిగాడు.

అడుగుతూనే ఏడ్చేశాడు. కన్నీళ్ళకు కొత్త అద్దాలు మసకబారి లోకమంతా మళ్ళీ మజ్జిగయిపోయింది. అరుణ చెయ్యి ఇంకా ఆయన చేతిలోనే ఉంది, అందుకని అద్దాలు తుడుచుకునే తొందరేమీ ఆయనకు కలగలేదు.